చెవిలో చెప్పే మాట

సెల్‌ఫోన్లు వచ్చాక మన ఇళ్ళల్లో గుట్టు అన్నది లేకుండా పోయిందంటే మీరు ఒప్పుకుంటారో లేదో గానీ, నేను మాత్రం ఒప్పుకుంటాను. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మసిగుడ్డ పట్టుకున్న ఆడదానికి ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? అందుకని ఫోను తీసుకెళ్ళి పోపులపెట్టెకి ఆనించి నిలబెట్టి, స్పీకరు నొక్కి, "ఆ, చెప్పవే" అంటాం. అవతలివాళ్ళు చెప్పడం మొదలుపెడతారు. ఆ చెప్పేది మనతోపాటు హాల్లో పేపరు చదివే మా వారూ, మంచం మీద నడుం వాల్చిన అత్తగారూ, గుమ్మంలో చీపురు పట్టుకున్న పనమ్మాయీ, గోడ అవతల వాటాలో వాళ్ళూ అందరూ వింటారు. విన్నవాళ్ళు ఊరుకుంటారా? "ఏమిటట? పాలు పొంగిపోయాయటనా?" అని అక్కణ్ణుంచే సలహాలు.

మా చిన్నతనంలో ఇలా ఉండేది కాదు. మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఊరికి రెండో మూడో ఫోన్లు. మిగతా అందరికీ చల్లపల్లి సెంటర్లో పసుపురంగు బోర్డు కట్టిన ఎస్.టి.డి. బూతే గతి. అందులో చెక్కా అద్దాలతో చేసిన చిన్న గది ఉండేది. మనిషి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే బయటివాళ్ళకి పెదాలు కదలడం కనిపించేదే తప్ప మాట వినిపించేది కాదు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అప్పటిదాకా బెంచీ మీద కూర్చునేవాళ్ళు. పెళ్ళయి దూరం వెళ్ళిన కూతురితో మాట్లాడి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చే తల్లుల్ని ఎంతమందిని చూశానో. మీటరు గిర్రున తిరుగుతుండేది గానీ, ఆ అద్దాల గదిలో ఉన్న నాలుగు నిమిషాలూ ఆ మాట వాళ్ళిద్దరిదే.

ఇప్పుడు మాట చవక అయింది. ఎంతసేపు మాట్లాడినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ అద్దాల తలుపు పోయింది. మైకు ఉన్న మంచి ఇయర్‌ఫోను అంటే నా దృష్టిలో ఆ తలుపే. పాటలు వినడానికి కుర్రకారు పెట్టుకునే షోకు వస్తువని మనం అనుకుంటాం గానీ, దాని అవసరం కుర్రకారు కంటే మనకే ఎక్కువ.

నేను ఊరికే అనడం లేదు, దాని పుట్టుక కథ చూసినా అంతే. అమెరికాలో టెలిఫోన్లు కొత్తగా వచ్చినప్పుడు ఎక్స్‌ఛేంజిలో లైన్లు కలిపే పని మొదట మగపిల్లలు చేసేవారట. 1878లో బోస్టన్ నగరంలో ఎమ్మా నట్ అనే ఆవిడ ఆ పనిలో చేరింది. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆవిడే అంటారు. తర్వాత ఆ ఉద్యోగమంతా ఆడవాళ్ళదే అయింది. రెండు చేతులూ తీగలు మార్చడంలో ఉంటాయి, నోరు మాట్లాడాలి, చెవి వినాలి. అందుకని చెవికీ నోటికీ తగిలించే పరికరం కావాల్సి వచ్చింది. ఇక తలకి పెట్టుకునే హెడ్‌ఫోను సంగతి ఇంకా తమాషా. 1910లో యూటా రాష్ట్రంలో ఉండే నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన దాన్ని తయారుచేసి అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్ళకి నచ్చి ఇంకా పంపమంటే, ఒక విడతకి పది మాత్రమే చేయగలనన్నాడట. ఎందుకంటే ఆయన వాటిని చేసేది తన ఇంటి వంటగదిలో! వంటింట్లో పుట్టిన వస్తువుని వంటింట్లోకి రానివ్వకపోతే ఎలాగండీ?

నాకు దాని అవసరం మా అమ్మాయి వల్ల పడింది. 2023లో పెళ్ళి చేశాం. హైదరాబాదులో కాపురం. రోజూ సాయంత్రం ఆరున్నర దాటాక ఫోను చేసేది. అది సరిగ్గా నేను రాత్రి వంటకి కూరలు తరిగే వేళ. స్పీకర్లో, "బాగున్నావా?" అంటే "బాగున్నానమ్మా." "ఏం వండావు?" అంటే "టమాటా పప్పు." "అల్లుడుగారు వచ్చారా?" "ఇంకా లేదు." ఈలోగా హాల్లోంచి మా అత్తగారు, "చిక్కిపోయిందా ఏమిటి, వీడియో పెట్టమను" అనేవారు. మా వారు "గ్యాసు పుస్తకం పేరు మార్పించుకున్నారేమో అడుగు" అనేవారు. వాళ్ళది ప్రేమే. కాదనను. కానీ నాలుగు నెలలపాటు మా అమ్మాయి నాతో చెప్పిన మాటలన్నీ గుమ్మంలో నిలబడి చెప్పినట్టే ఉండేవి. లోపలికి వచ్చి కూర్చుని చెప్పినట్టు ఒక్కటీ లేదు. తల్లికి తెలుస్తుంది కదా. ఏదో ఉంది, గొంతుదాకా వచ్చి ఆగిపోతోంది అనిపించేది.

తీరిగ్గా రాత్రి చేద్దామంటే అక్కడ ఇంటినిండా మనుషులు. తెల్లవారి చేద్దామంటే ఆఫీసు హడావుడి. దానికి దొరికేది ఆఫీసు నుంచి వచ్చాక ఆ అరగంటే. నాకేమో ఆ అరగంటలో పొయ్యి వదిలే వీలు లేదు, అత్తగారికి సుగరు, ఏడున్నరకల్లా భోజనం పడాలి.

మా వారితో అంటే మర్నాడే సాయంత్రం ఫుట్‌పాత్ మీద ఒక తీగ ఇయర్‌ఫోను కొనుక్కొచ్చారు. వంద రూపాయలు. "నీకోసమే, ఎర్రరంగుది తెచ్చాను" అన్నారు సంబరంగా. పెట్టుకున్నాను. నాకు అమ్మాయి మాట బాగానే వినిపించింది. దానికి మాత్రం నా మాట తప్ప అన్నీ వినిపించాయట! కుక్కరు కూత, ఫ్యాను చప్పుడు, పక్కవాళ్ళ మిక్సీ. "అమ్మా, నువ్వు నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అంది. పదిహేను రోజులకి ఒక చెవి మూగబోయింది. తీగ వంచి పట్టుకుంటే పలికేది, వదిలేస్తే లేదు. పైగా ఆ తీగ గ్యాసు పొయ్యి మీదకి వేలాడుతుంటే నాకు భయం.

ఇలా కాదని నేనే బయల్దేరాను. మేముండేది సత్యనారాయణపురంలో. ఆటో ఎక్కితే గవర్నరుపేట ఎంతసేపు? బీసెంట్ రోడ్డులో చీరకీ, గాజులకీ, స్టీలు సామానుకీ బేరమాడిన చేతులు మనవి. ఎలక్ట్రానిక్ సామానుకి మాత్రం మగవాళ్ళనే ఎందుకు పంపాలి? కాకపోతే ముందు రెండు రోజులు మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి అన్నీ అడిగి తెలుసుకున్నాను. వాడికి ఈ వస్తువులంటే పిచ్చి. వాడు చెప్పినవీ, షాపులో నేను చూసినవీ, వాడాక తెలిసినవీ మీకూ పనికొస్తాయని ఒక్కొక్కటే చెబుతాను.

ముందు రకాలు. తల మీదుగా వచ్చి చెవుల్ని కప్పేసేవి ఒక రకం. పాటకి చాలా బాగుంటాయి. కానీ మన బెజవాడ ఎండలో, పైగా పొయ్యి దగ్గర, చెవులు ఉడికిపోతాయి. బుట్టలో, మాటీలో పెట్టుకున్నామా, అవి నొక్కుకుని నొప్పి. రెండో రకం తీగే లేకుండా చెవికొకటి చొప్పున పెట్టుకునే బొత్తాల్లాంటి ఇయర్‌బడ్స్. చూడ ముచ్చటగా ఉంటాయి. వంగి పప్పు ఎనిపేటప్పుడు జారి పప్పులో పడితే మాత్రం అది పప్పు కాదు, రెండువేల రూపాయల పప్పు! మూడో రకం తీగవి. నాలుగోది నెక్‌బ్యాండ్. మెళ్ళో దండలా వేసుకుంటే రెండు చివర్లా చెవిలో పెట్టుకునేవి వేలాడతాయి. చెవిలోంచి జారినా మెళ్ళోనే ఉంటుంది. ఫోను వస్తే చాలావాటిలో మెడ దగ్గర సన్నగా వణుకుతుంది కూడా. కుళాయి నీళ్ళ చప్పుడులో రింగు వినపడకపోయినా తెలుస్తుంది. ఇంటిపని చేసే ఆడవాళ్ళకి నా ఓటు దీనికే.

ఇక అసలు విషయం మైకు. పెట్టెల మీద రెండు మాటలు రాసి ఉంటాయి, ఏ.ఎన్.సి. అనీ, ఇ.ఎన్.సి. అనీ. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. ఏ.ఎన్.సి. మన చెవి కోసం. బయటి చప్పుడుని లోపలి మైకు పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు చప్పుడు పుట్టించి రెంటినీ కొట్టేస్తుంది. ఫ్యాను హోరు, రైలు హోరు లాంటివి తగ్గుతాయి. ఇ.ఎన్.సి. మన మాట వినే అవతలివాళ్ళ కోసం. మన గొంతుని ఉంచి చుట్టూ ఉన్న గోలని తగ్గించి పంపుతుంది. ఫోను మాట్లాడటానికే కొనేవాళ్ళు రెండోదాన్ని చూసుకోవాలి. వంటింట్లో ఏ.ఎన్.సి. ఎక్కువైతే మంచిది కూడా కాదు. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో, పాలు చుయ్‌మంటున్నాయో మనకి తెలియాలి కదా.

షాపు కుర్రాడు పెట్టె మీద పెట్టె దించాడు. సోనీ, జేబీఎల్, బోట్, వన్‌ప్లస్, రియల్‌మీ. "ఇది బాస్ అదిరిపోద్ది మేడమ్" అన్నాడు. "నాకు బాస్ వద్దు బాబూ, మాట కావాలి" అన్నాను. బాస్ అంటే గుబగుబలాడే లావు చప్పుడు. అది ఎక్కువైతే పాటలో డప్పు బాగుంటుంది గానీ మనిషి గొంతు కింద పడిపోతుంది.

షాపులో చూడ్డానికి పెట్టిన పీసు అడిగి, నా ఫోనుకే కలిపించుకున్నాను. ఫోనులో రికార్డరు ఉంటుంది కదా, గుమ్మం దగ్గర నిలబడి, బీసెంట్ రోడ్డు గోలంతా వెనకాల ఉండగా, "ఒక కేజీ కందిపప్పు, అరకేజీ చింతపండు" అని రికార్డు చేసి వినిపించుకున్నాను. మూడు రకాలు అలా చూస్తే తేడా అద్దంలా కనిపించింది. ఒకదాంట్లో నా గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు. ఒకదాంట్లో హారన్లే తప్ప నేను లేను. మూడోదాంట్లో కందిపప్పు కందిపప్పులాగే ఉంది. తర్వాత తమ్ముడికి ఫోను చేసి, "నేను రోడ్డు మీదున్నాను, ఎలా వినిపిస్తోందిరా?" అంటే, "ఇంట్లోంచి కాదా అక్కా?" అన్నాడు. అంతే, అదే తీసుకున్నాను. పన్నెండు వందలయింది.

డబ్బులిచ్చే ముందు పెట్టె చూసుకోండి. ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారుచేసినవాళ్ళదో దిగుమతి చేసినవాళ్ళదో చిరునామా, వినియోగదారుల ఫోను నంబరు ఉండాలి. తీగ లేనివాటి మీద బి.ఐ.ఎస్. గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బి.ఐ.ఎస్. కేర్ అని ప్రభుత్వం యాప్ ఒకటి ఉంది, ఆ నంబరు అందులో కొడితే అసలుదో నకిలీదో తేలిపోతుంది. పేరున్న కంపెనీ అక్షరం ఒకటి మార్చి అమ్మేవి రోడ్డు నిండా ఉన్నాయి మరి. ఎమ్మార్పీలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి కాబట్టి, దానిమీద మళ్ళీ జీఎస్టీ అంటే ఒప్పుకోకండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, గ్యారంటీకి అదే ఆధారం. పేచీ వస్తే 1915 అని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు.

తీగదే కావాలనుకునేవాళ్ళు పిన్ను చూడండి. లోహపు పిన్ను మీద నల్లగీతలు మూడుంటే మైకు ఉన్నట్టు. రెండే ఉంటే వినడానికే తప్ప మాట్లాడటానికి పనికిరాదు. ఇప్పటి ఫోన్లు చాలావాటికి ఆ గుండ్రటి రంధ్రమే లేదు, ఛార్జింగు పెట్టే టైప్-సి రంధ్రంలోనే అన్నీ పెట్టాలి. టైప్-సి ఇయర్‌ఫోన్లన్నీ అన్ని ఫోన్లకీ పనిచేయవు. మీ ఫోను తీసుకెళ్ళి పెట్టి చూసుకునే కొనండి. జాకెట్టుముక్క పట్టుకెళ్ళి చీర రంగుకి కలిపి చూసుకుంటామే, అలాగ.

తీగదాన్ని తీసిపారేయకండి. దానికి ఛార్జింగు అక్కర్లేదు. మైకు నోటికి దగ్గరగా వేలాడుతుంది కాబట్టి మంచి కంపెనీదైతే మాట స్పష్టంగా వెళుతుంది. రేడియో ఉన్న ఫోన్లలో ఎఫ్.ఎం. వినాలంటే ఆ తీగే ఏరియల్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్ళలో మునిగినప్పుడు మా ఆడపడుచు వాళ్ళు మేడ మీద గదిలో ఉండిపోయారు. కరెంటు లేదు. ఉన్న ఫోను ఛార్జింగే దేవుడు. వాళ్ళబ్బాయి తీగ ఇయర్‌ఫోను పెట్టుకుని, ఆ హోరువానలో కూడా పడవవాళ్ళతో మాట్లాడి మందులు తెప్పించాడు. అందుకని సొరుగులో ఒకటి పడి ఉండటం మంచిదే.

నెక్‌బ్యాండ్ వాడేవాళ్ళకి ఆడవాళ్ళకి మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటి చెబుతాను, ఏ పెట్టె మీదా రాయరు. దాని మైకు చాలావాటిలో ఎముక దగ్గర, మెడ కింద ఉంటుంది. పైట కొంగు దానికి రాసుకున్నా, నల్లపూసలు తగిలినా అవతలివాళ్ళకి గరగరమని వినిపిస్తుంది. "ఏమిటమ్మా, కొబ్బరి కోరుతున్నావా?" అంది మా అమ్మాయి ఒకరోజు. కొంగు ఇటువైపు కాకుండా నడుముకి దోపుకుని, గొలుసు జాకెట్టు లోపలికి వేసుకుంటే సరిపోయింది. చెమటకీ నీళ్ళ తుంపరకీ ఆగేలా ఐ.పి.ఎక్స్ 4 అనో అంతకంటే ఎక్కువో రాసి ఉన్నది తీసుకోండి. అది తుంపర్లకే, అంట్లతొట్లో ముంచమని కాదు. ఛార్జింగు పొయ్యి పక్కన ప్లగ్గులో పెట్టొద్దు, లోపల ఉన్న బ్యాటరీకి వేడి పడదు. "40 గంటలు" అని రాసి ఉంటే, అది తక్కువ సౌండు మీద లెక్క అని అర్థం చేసుకోండి.

చెవిలో పెట్టుకునే రబ్బరు టోపీలు పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు జతలిస్తారు. మన చెవికి సరిపడ్డది పెట్టుకోకపోతే ఎంత ఖరీదైనదైనా డొల్లగా పలుకుతుంది. రెండు చెవులకీ రెండు సైజులు కావాల్సినవాళ్ళూ ఉన్నారు. వారానికోసారి వాటిని ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరాక పెట్టండి. ఒకరిది ఒకరు పెట్టుకోవద్దు. దువ్వెన ఎవరిది వాళ్ళకి ఉన్నట్టే ఇదీ.

చెవుల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ చప్పుడు వారానికి 40 గంటలవరకూ వినొచ్చు. అదే 90 అయితే వారం మొత్తానికి 4 గంటలే. పది పెరిగితే గంటలు పదోవంతుకి పడిపోయాయి చూశారా? పిల్లలకైతే 75 దాటకూడదు. డెసిబెల్స్ కొలిచే యంత్రం మన దగ్గర లేదు కాబట్టి తేలిక గుర్తు చెబుతాను. సౌండు గీత సగం దాటి కాస్త పైదాకా, అంతే. పక్కన కూర్చున్నవాళ్ళకి మన చెవిలోది వినిపిస్తోందంటే అది ఎక్కువైనట్టు. తీసేశాక చెవిలో కీచుమంటే ఆ రోజుకి ఆపేయాలి. ఒకసారి పోయిన వినికిడి పాలు విరిగినట్టే, మళ్ళీ తిరిగి రాదు. పెద్దవాళ్ళకి మాట వినపడటం తగ్గితే ఇయర్‌ఫోనులో సౌండు పెంచి ఇవ్వకండి. చెవి డాక్టరుకి చూపించండి. వినికిడి యంత్రం వేరు, ఇది వేరు.

రోడ్డు దాటేటప్పుడు, రైలు గేటు దగ్గర, స్కూటీ మీద చెవిలోంచి తీసెయ్యాలి. ఇంట్లో కూడా నేను ఒక చెవికే పెట్టుకుంటాను. రెండో చెవి ఇంటిది. కాలింగ్ బెల్లూ, అత్తగారి పిలుపూ, కుక్కరూ దానికి.

అత్తగారంటే గుర్తొచ్చింది. మొదట్లో ఆవిడకి ఇది నచ్చలేదు. "తనలో తను మాట్లాడుకుంటోంది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. మా అమ్మాయి నాతో చెప్పేదేదో తనకి చెప్పకుండా దాచేస్తున్నామని లోపల చిన్నబుచ్చుకున్నారు కూడా. ఆ బాధ నిజమైనదే, నవ్వి తీసెయ్యడానికి లేదు. అందుకని నా మాటలయ్యాక ఫోను తీసుకెళ్ళి ఆవిడకిచ్చి, "మీ మనవరాలు, మీతో మాట్లాడుతుందట" అని చెప్పడం అలవాటు చేశాను. ఇప్పుడు ఆవిడకీ వేరే తీగదొకటి కొన్నాను. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ భక్తిరంజని అందులోనే. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది, ఆవిడ కంటే కొంచెమే పెద్దది. "గొంతు చెవి దగ్గరకొచ్చి పాడుతున్నట్టుందే అమ్మాయ్" అన్నారు మొదటి రోజు. నాలుగున్నరకి లేచి రేడియో పెడితే మా వారు విసుక్కునేవారు. ఇప్పుడు ఆ గొడవా లేదు.

ఇంతకీ కొన్న రోజు సాయంత్రం సంగతి చెప్పలేదు కదూ. ఎప్పటిలాగే ఆరున్నరకి అమ్మాయి ఫోను వచ్చింది. బెండకాయలు తరుగుతున్నాను. "బాగున్నావా?" "బాగున్నానమ్మా." "ఏం వండావు?" "ఇంకా లేదు." అప్పుడు చెప్పాను, "ఇవాళ స్పీకరు లేదు తల్లీ. కొత్త ఇయర్‌ఫోను కొన్నాను. నువ్వు మాట్లాడేది నాకొక్కదానికే వినిపిస్తుంది" అని.

అవతల మాట లేదు. లైను పోయిందేమో అని చూస్తే పోలేదు. ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. అంత దగ్గరగా దాని ఊపిరి విని ఎన్నాళ్ళయిందో. పాలు తాగి నా భుజం మీద నిద్రపోయినప్పుడు విన్నట్టు. తర్వాత చాలా మెల్లగా, "నిజంగా నీకొక్కదానికేనా అమ్మా?" అని అడిగింది.

అది చెప్పింది ఇక్కడ రాయను. నా ఒక్క చెవికి చెప్పిన మాట అది. ఒక్కటి మాత్రం చెప్పగలను, ఆడపిల్ల తల్లికి తప్ప చెప్పుకోలేని కష్టం, ఒక్కతే మోసి మూడు వారాలయింది. నేను బెండకాయలు తరుగుతూనే విన్నాను. మొహం హాలు వైపు తిప్పలేదు. "ఊఁ, ఊఁ" అన్నాను తప్ప ఇంకో మాట అనలేదు. మర్నాడు పొద్దున శాతవాహనలో హైదరాబాదు వెళ్ళాను. మా వారు "ఏమిటంత హడావుడి?" అంటే, "పిల్లని చూడాలనిపించింది" అన్నాను. పది రోజులున్నాను. మిరియాల చారు పెట్టి, తలంటి పోసి, డాక్టరు దగ్గరకి తోడు వెళ్ళి, మనిషిని కాస్త నిలబెట్టి వచ్చాను. ఇప్పుడు బాగుంది. నిజంగానే బాగుంది. "బాగున్నానమ్మా" అన్నప్పుడు ఆ మాటలో తేడా నాకు తెలుస్తుంది.

పన్నెండు వందలు పెట్టి ఇలాంటి వస్తువు కొంటే, "ఇంట్లో ఉండే ఆడదానికి ఎందుకూ?" అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇంట్లో ఉండే ఆడదానికే ఎక్కువ కావాలని నేనంటాను. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి బస్సుంది, ఆఫీసు మెట్లున్నాయి, క్యాంటీనుంది, పక్కకి వెళ్ళి మాట్లాడుకోవడానికి. మనకి పెరళ్ళు కూడా పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. మాట దాచుకోవడమంటే తప్పు చేయడం కాదు. కొన్ని కష్టాలు పదిమంది చెవిన పడితే పెద్దవవుతాయి, ఒక్క చెవిన పడితే సగమవుతాయి.

ఈసారి ఆడపిల్లకి సారె పెట్టేటప్పుడు చలిమిడి, అరిసెలు, పసుపుకుంకాల పక్కన మైకు సరిగ్గా పలికే ఇయర్‌ఫోను ఒకటి పెట్టండి. అలాంటిదే ఇంకొకటి కొని మీరూ ఉంచుకోండి. బిల్లులు మాత్రం రెండూ జాగ్రత్త చేయండి, గ్యారంటీ సాధారణంగా ఏడాదే.